తెల్లసొనలు ఎటు పోయాయి

నా పేరు ఒతీలియా మాన్సీయా కార్కమో. వయసు డెబ్బై ఒకటి. భర్త గతించాడు. ఇద్దరు కొడుకులు, నలుగురు మనవలు. చిలోయే దీవిలో కాస్త్రో పట్టణానికి దక్షిణాన ఉన్న లిన్‌కాయ్ రేవులో నివాసం. వాల్దీవియాలో చాలా ఏళ్ళు జీవరసాయనం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు ఇంటి వెనుక గదిలో, పెంపకపు చేపల రక్తం పరీక్షించి రిపోర్టులు ఇస్తాను. చదవడం, రాయడం వచ్చు. నా వాంగ్మూలం రాసుకుంటున్న గుమస్తా గారు ఈ సంగతి రెండుసార్లు అడిగారు కాబట్టి రెండోసారి కూడా చెబుతున్నాను, వచ్చు.

మారిసెల్ చిగ్వాయ్ నాకేమవుతుందని ప్రాసిక్యూటర్ గారు అడిగారు. రక్తసంబంధం లేదు. ఆమె జ్ఞానస్నానం రోజున చేతుల్లో ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతల్లిని నేను. నన్ను మద్రీనా అని పిలుస్తుంది. దగ్గరి బంధువునైతే ఆమెకు వ్యతిరేకంగా నోరు విప్పనక్కర్లేదని, జ్ఞానతల్లి మాత్రం చట్టం లెక్కలో బంధువు కాదని ఆయన వివరించారు. అర్థమైందన్నాను.

ఎవారిస్తో లెపీయో అనే డైవరు మార్చి నెలాఖరు నుంచి జైల్లో ఉన్నాడు. లిన్‌కాయ్ రేవులోని సముద్రంలో వలలతో కట్టిన సాల్మన్ పంజరాల్లో విషం కలిపి చేపల్ని చంపాడని అతని మీద నేరం మోపారు. ఆ నేరానికి ఆధారంగా చూపిస్తున్నది నేను సంతకం చేసిన రిపోర్టు. ఆ రిపోర్టు తప్పు. అతను వచ్చే వారం మళ్ళీ కోర్టు ముందుకు వస్తాడు. ఆలోపల ఈ మాట చెప్పాలని నా అంతట నేను వచ్చాను. నన్నెవరూ పిలవలేదు.

నేను కొలిచేదేమిటో ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతది బోధపడదు. చేప రక్తంలో రోగక్రిముల్ని కరిగించే లైసోజైమ్ అనే పదార్థం ఉంటుంది. మన కన్నీళ్ళలోనూ ఉంటుంది. చేప ఒంట్లో అది పుష్కలంగా ఉంటే రోగాన్ని తట్టుకునే బలం ఉన్నట్టు లెక్క. చేప తోక దగ్గర సూది గుచ్చి రక్తం తీస్తారు. అది గడ్డకట్టాక పైన తేలే నీటినే సీరమ్ అంటాం. ఒక రకం క్రిములు కలిపిన నీళ్ళు పాలగిన్నె కడిగిన నీళ్ళలా మసకగా ఉంటాయి. అందులో సీరమ్ చుక్క వేస్తే, లైసోజైమ్ ఎంత ఉంటే అంత వేగంగా మసక విడిపోతుంది. ఆ వేగాన్నే నేను కొలుస్తాను. కొలతకి తూకపురాయి ఒకటి కావాలి కదా. మాకు ఆ రాయి కోడిగుడ్డు తెల్లసొన. అందులో లైసోజైమ్ చేప రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. ఈ పనిలోకి వచ్చిన ప్రతివాడికీ మొదటి రోజు నేర్పే సంగతి ఇదే. మారిసెల్‌కి కూడా నేనే నేర్పాను.

మారిసెల్ పశువైద్యం చదివి, లిన్‌కాయ్ రేవులోని చేపల కంపెనీలో వైద్యురాలిగా చేరింది. సముద్రపు నాచు పొడి కలిపిన కొత్త మేత ఒకటి తయారు చేసింది. అది తింటే చేపల రక్షణ శక్తి పెరుగుతుందని ఆమె నమ్మకం. నమ్మకం అని కావాలనే అంటున్నాను. ఆ మేత నెగ్గితే కంపెనీ పంజరాలన్నిటికీ అదే వాడతారు, వాటన్నిటి మీదా ఆమే పెద్ద డాక్టరవుతుంది. అందుకు రుజువు కావాలి. ఫిబ్రవరి నెల పొడుగునా ఆ మేత తిన్న చేపల సీరమ్ గొట్టాలను మంచుపెట్టెలో పెట్టి నా దగ్గరికి తెచ్చింది.

మొదటిసారి వచ్చినప్పుడు మధ్యాహ్నం వాన పడుతోంది.

“మద్రీనా, మీ చేపలొచ్చాయి. ముందు వేడి మాతే టీ పొయ్యండి, చేతులు కొయ్యబారిపోయాయి.”

“చేపలు కంపెనీవి, చేతులు నీవి. నాదల్లా పొయ్యి ఒక్కటే. దాని దగ్గర కూర్చో.”

సంచిలోంచి చిన్న సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. పచ్చసొన పాకం. పంచదార పాకంలో గుడ్ల పచ్చసొనలు కలిపి సన్నని సెగ మీద దగ్గరికి తిప్పుతారు. మా ఇళ్ళలో పెద్ద పండగలకి తప్ప చెయ్యరు.

“ఇప్పుడేం పండగే?” అన్నాను.

“మీకిష్టమని చేశాను.”

“షుగరున్న ముసలిదానికి పాకం తినిపిస్తావా? చంపుదామనా?”

“చంపాలంటే ఇంతకంటే తేలికైన దారులు నేర్చుకున్నాలెండి, మీ దగ్గరే.”

నవ్వుకున్నాం. ఆమె గొట్టాలు తెచ్చిన ప్రతిసారీ ఒక సీసా వచ్చింది. ఆమె తల్లి దెల్మీరా నా బళ్ళో స్నేహితురాలు, చనిపోయింది. నీలిరంగు గుడ్లు పెట్టే ఆవిడ కోళ్ళు ఇప్పుడు మారిసెల్ ఇంట్లో ఉన్నాయి. ఆ గుడ్ల పాకం తింటూ నేను దెల్మీరాను తలుచుకునేదాన్ని. మారిసెల్‌ని మెచ్చుకునేదాన్ని.

సీరమ్ కొలిచాను. బలం బాగా ఉంది. మామూలు మేత చేపల కంటే రెట్టింపుకి దగ్గర. నిక్కచ్చిగా కొలిచాను, వచ్చింది రాశాను, సంతకం పెట్టాను.

మార్చి మధ్యలో చేపలు చావడం మొదలైంది. మూడు పంజరాలు వారం తిరక్కుండా ఖాళీ అయ్యాయి. చచ్చిన చేపల్ని ఎప్పటిలాగే, కుళ్ళకుండా, అప్పటికప్పుడు రుబ్బి ఆమ్లం తొట్లలో పోశారు. పరీక్షించడానికి ఒక్క చేప కూడా మిగల్లేదు.

ఎవారిస్తో పని ఆ పంజరాల అడుగుకి దిగి చచ్చినవాటిని ఏరడం. చావులు మొదలవడానికి ముందు ఒక రోజు భోజనాల దగ్గర మేనేజరుతో గొడవ పడ్డాడు. “నెల తిరక్కుండా ఈ పంజరాలు శ్మశానం కాకపోతే నన్నడగండి” అన్నాడు. అది అందరూ విన్నారు. చావుల తర్వాత అతని పడవలో క్రిమిసంహారక మందు డబ్బా దొరికింది. బూట్లు, వలలు కడగడానికి మా రేవులో ప్రతి పడవలోనూ ఉంటుంది ఆ డబ్బా. కంపెనీ లాయరు కోర్టులో నా రిపోర్టు చదివాడట. రక్షణ శక్తి ఇంత బలంగా ఉన్న చేపలు రోగంతో చావవు, కాబట్టి విషమే, ముందే బెదిరించినవాడే పోశాడు అన్నాడట. వాదన చక్కగానే ఉంది. నా రిపోర్టు నిజమైతే నేనూ అదే అనేదాన్ని.

అన్నాను కూడా. కొట్టు దగ్గర ఎవరో అడిగితే, “అంకెలు అబద్ధం చెప్పవు” అన్నాను. ఆ మాట ఎవారిస్తో భార్య నోల్ఫా దాకా పోయింది.

ఏప్రిల్ మొదటి గురువారం సాయంత్రం నోల్ఫా వచ్చింది. ఆల్చిప్పలు ఒలిచే కార్ఖానాలో పని దిగి నేరుగా, రబ్బరు బూట్లతోనే వంటింట్లోకి నడిచింది.

“ఒతీలియమ్మా, కూర్చోడానికి రాలేదు. మీ మొహం ఎలా ఉందో చూసిపోదామని వచ్చాను.”

“ఎప్పుడూ ఉండేదే. చూశావుగా, ఇక కూర్చో.”

“మీ కాగితం నా మొగుణ్ణి లోపలేసింది.”

“నా కాగితం చేపల సంగతి చెబుతుంది నోల్ఫా. మనుషుల సంగతి చెప్పదు.”

“చేపల సంగతయినా సరిగ్గా చెప్పిందా? ఆయన రోజూ వాటి మధ్యే మునిగేవాడు. వలకానుకుని జోగుతున్నాయే, ఇవి బతకవే అని ఇంటికొచ్చి మొత్తుకునేవాడు. అదే మాట మేనేజరుతో అంటే బెదిరింపయింది. మీరు గొట్టాల్లో చూసి బ్రహ్మాండం అంటే సాక్ష్యమయింది. అంతేలెండి, చదువుకున్నవాళ్ళు.”

నాకు కోపం వచ్చింది. నా కొలతని ఎవరూ అలా అనలేదు. మాతే పోసి ఇచ్చాను, పుచ్చుకుంది. అప్పుడు ఆమె చూపు కిటికీ దగ్గర కడిగి బోర్లించిన సీసాల మీద పడింది. ఖాళీ సీసా తిరిగివ్వకూడదని, ముర్తా పళ్ళ జామ్ నింపి మారిసెల్‌కి పంపుదామని ఉంచాను.

“డాక్టరమ్మ సీసాలేగా అవి? మా ఇంట్లోనూ ఒకటుంది. ఫిబ్రవరిలో వీధి వీధంతా పంచిందిగా పచ్చసొన పాకం. పాస్టరు గారింట్లో కూడా తిన్నారు, పండగ కాదని తెలిసీ.”

“చెయ్యి పెద్దది దానికి, తల్లిలాగే.”

“చెయ్యి పెద్దదే. మరి తెల్లసొనలేం చేసిందమ్మా? అన్ని పచ్చసొనలు తీస్తే అన్నే తెల్లసొనలు మిగలాలిగా. పంచదార నురుగు బిళ్ళలు ఒక్కరింటికీ రాలేదు. తలుపేసుకుని ఒక్కతే తింటోందేమో. అందుకే అంత తెల్లగా ఉంది.”

నోల్ఫా నవ్వించడానికి అనలేదు, పొడవడానికి అంది. మా దీవిలో ఆడవాళ్ళెవరూ గుడ్డులో సగం పారెయ్యరు. పచ్చసొన పాకం చేసిన ఇంట్లో మర్నాడు తెల్లసొన నురుగు బిళ్ళలు ఎండుతాయి, ఇది అందరికీ తెలుసు. నా జీవితమంతా తెల్లసొనతో కొలిచాను. ఆ ప్రశ్న నాకు రాలేదు, ఆల్చిప్పలు ఒలిచే మనిషికి వచ్చింది. ఆమెకి వంట తెలుసు. నాకు మారిసెల్ తెలుసు, తేడా అంతే.

మర్నాడు పొద్దున్న ఫ్రీజరు తెరిచి మిగిలిన సీరమ్ బయటికి తీశాను. సాల్మన్ చల్లనీళ్ళలో పుట్టి చల్లనీళ్ళలో పెరిగే జంతువు. దాని లైసోజైమ్ చలిలో కూడా పనిచేస్తుంది. కోడి ఒళ్ళు వెచ్చన. దాని లైసోజైమ్ చలిలో పెడితే బద్ధకిస్తుంది. రెండింటినీ గది వేడిలో కొలిస్తే తేడా తెలియదు, నేను ఎప్పుడూ కొలిచేది గది వేడిలోనే. ఈసారి మూడు వరుసలు పెట్టాను. కిందటేడు వేరే రేవులో నేనే రక్తం తీసిన చేపల సీరమ్ ఒక వరుస. మారిసెల్ తెచ్చినది ఒక వరుస. మా కోడిగుడ్డు తెల్లసొన కలిపిన నీళ్ళు ఒక వరుస. మొత్తం ఐసు మీద పెట్టాను.

నేను తీసిన చేపల వరుస నెమ్మదిగానైనా తేటపడింది. తెల్లసొన వరుస మసకగానే కూర్చుంది. మారిసెల్ వరుస దాని పక్కనే, దానిలాగే కూర్చుంది. ఫిబ్రవరిలో నేను కొలిచిన బలం చేపది కాదు, గుడ్డుది.

మళ్ళీ చేశాను. మళ్ళీ అలాగే వచ్చింది. మూడోసారీ అంతే. నాలుగోసారి చెయ్యలేదు.

నిజానికి ఒక్క గుడ్డు తెల్లసొనతో ఆ గొట్టాలన్నీ చెడగొట్టొచ్చు. రోజుకో గుడ్డు పగలగొట్టనక్కర్లేదు. కానీ నేను నేర్పిన పాఠం, నిన్నటి తెల్లసొన నీళ్ళు వాడొద్దు, ఎప్పటికప్పుడు తాజా గుడ్డు పగలగొట్టు అని. తప్పు పని కూడా శుభ్రంగా చేసింది. మిగిలిన పచ్చసొనలు పారేయడానికి మాత్రం దెల్మీరా కూతురికి మనసొప్పలేదు.

శనివారం మధ్యాహ్నం కబురు పెడితే వచ్చింది.

“కూర్చో.”

“నిలబడే వింటాను మద్రీనా, పడవ కనిపెట్టుకుని ఉంది.”

“ఉండనీ. కోడిగుడ్లు పెట్టే సాల్మన్‌ని నేనింతవరకూ చూళ్ళేదు. నువ్వు పెంచుతున్నావని తెలిసింది.”

చేతి తొడుగులు ఒక్కొక్క వేలూ లాగి తీసింది. పొయ్యి మీద ఆరబెట్టింది. అప్పుడు అడిగింది.

“ఎలా తెలిసింది?”

“ఎలా తెలిసిందని అడిగావు. ఏం తెలిసిందని అడగలేదు.”

ఆమె ఏడవలేదు. ఏడ్చిందని రాయొద్దు. కుర్చీ లాక్కుని కూర్చుని, చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడు వాదించినట్టే వాదించింది.

“మేత పనిచేస్తుంది మద్రీనా. ఇంకొంచెం టైమిస్తే పనిచేసేది. నేను అంకెల్ని కాస్త ముందు పంపించాను, అంతే. చేపలు వెనకాలే వచ్చేవి.”

“రాలేదుగా. చచ్చాయి.”

“అది రోగం. నా మేత వల్ల కాదు.”

“రోగం అని నువ్వంటున్నావు. విషం అని కోర్టు అంటోంది. రోగమని కోర్టులో నువ్వెందుకు చెప్పలేదు?”

పొయ్యి మీది తొడుగులు తిరగేసింది. ఇంకో మాట అడిగాను. అడగకుండా ఉండాల్సిందేమో.

“ప్వెర్తో మోంత్‌లో అంతంత పెద్ద ల్యాబులుండగా నా దగ్గరికే ఎందుకు తెచ్చావే?”

“వాళ్ళవి వట్టి అంకెలు మద్రీనా. అనుమానమొస్తే ఇంకోచోట మళ్ళీ కొలిపిస్తారు. మీ సంతకం ఉంటే ఎవరూ మళ్ళీ కొలవరు.”

ఈ మాట ఆమె పొగడ్తగా అంది. గౌరవంతో, నా కళ్ళలోకి చూసి అంది. నన్ను చాలామంది చాలా విధాల మెచ్చుకున్నారు, పతకాలు కూడా ఇచ్చారు. ఇలా మెచ్చుకున్నవాళ్ళు లేరు.

“మరి ఎవారిస్తో?” అన్నాను.

“పాత కేసులేవీ లేవుగా. మొదటి తప్పని కొద్ది నెలల్లో వదిలేస్తారట, లాయరు చెప్పాడు. బయటికొచ్చాక పని నేనే ఇప్పిస్తాను.”

“చెయ్యనివాడికి మొదటి తప్పేమిటి, రెండో తప్పేమిటి?”

“మద్రీనా, నా బతుకు పోతుంది.”

“అతనిది పోయింది. ముందు అది తిరిగి రావాలి.”

అప్పుడు కాస్త మెత్తబడింది. నేను చెబితే అది నేరం బయటపడటమని, తనే వెళ్ళి చెబితే ఒప్పుకోలని చెప్పాను. ఆదివారం పూజకి నా దగ్గరికి వచ్చి, అటునుంచి అటే తనే ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళతానంది. “మీరు నా పక్కన కూర్చోండి మద్రీనా, ఒక్కదాన్నే చెప్పలేను” అంది. కూర్చుంటానన్నాను. వెళ్తూ నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఆ సాయంత్రం నాకు సంతోషంగానే ఉంది, అది దాచను. ఎంతైనా నేను ఎత్తుకున్న పిల్ల అనుకున్నాను.

ఆదివారం గుడిలో నా పక్కన ఆమెకి చోటు ఉంచాను. ఇద్దరు ముగ్గురు అడిగితే మనిషి వస్తోందని చెప్పాను. ఆమె రాలేదు. పూజ అయ్యాక మెట్ల మీద చాలాసేపు నిలబడి ఇంటికి వచ్చాను.

వెనుక గది తాళం తీసి ఉంది. ఆ గదిలో నా దగ్గర పని నేర్చుకున్న రోజుల నుంచి ఒక తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. ఫ్రీజరులో గొట్టాల స్టాండు లేదు. గొట్టాలన్నీ తొట్టి పక్కన గుడ్డ మీద వరుసగా బోర్లించి ఉన్నాయి, కడిగి. సబ్బు వాసన లేదు. మామూలు నీళ్ళతో కడిగాక చివర స్వేదనజలంతో మరోసారి కడిగింది. నేను నేర్పినట్టే. నా విద్యార్థుల్లో గొట్టాలు ఆమె కడిగినంత శుభ్రంగా ఎవరూ కడగలేదు.

ప్రాసిక్యూటర్ గారు ఇక్కడ అడ్డుపడి, అయితే సాక్ష్యం ఏదీ మిగల్లేదా అని అడిగారు. మిగిలింది. శనివారం సాయంత్రం ఆమె వెళ్ళాక, ప్రతి గొట్టంలోంచీ కొంత సీరమ్ వేరే గొట్టాల్లోకి తీసి, వంటింటి ఫ్రీజరులో ఆల్చిప్పల సంచి అడుగున పెట్టాను. ఎందుకు పెట్టావని ఆ సాయంత్రం ఎవరైనా అడిగితే, వెనుక గది ఫ్రీజరు పాతదని చెప్పేదాన్ని. ఇప్పుడు ప్రమాణం చేసి మాట్లాడుతున్నాను కాబట్టి అసలు సంగతి చెబుతున్నాను. ముద్దు పెట్టి వెళ్ళినదాన్ని నేను నమ్మలేదు. గుడిలో చోటు ఉంచిన మనిషినీ నేనే, ఆల్చిప్పల కింద గొట్టాలు దాచిన మనిషినీ నేనే. నమ్మి ఉంటే ఈ రోజు మీకు చూపించడానికి ఏమీ ఉండేది కాదు. నమ్మకపోవడం మంచిదయిందని మాత్రం నాతో అనకండి.

ఈ ఉదయం ఆ సంచిని మంచుపెట్టెలో పెట్టుకుని మొదటి బస్సులో వచ్చాను. “పట్నంలో ఆల్చిప్పలు దొరకవా అమ్మమ్మా?” అని డ్రైవరు వెక్కిరించాడు. ఇలాంటివి దొరకవన్నాను. గొట్టాల్ని ఈ కార్యాలయంలో నా ముందే సీలు చేశారు. ఆల్చిప్పలు కూడా స్వాధీనం చేసుకున్నారు. అవి వాసనేస్తే నా పూచీ లేదు.

కోర్టుకి నా మనవి ఇది. కోడిగుడ్డు లైసోజైమ్‌ని మాత్రమే పట్టే పరీక్షలు ఉన్నాయి, చేప లైసోజైమ్ వాటికి అంటుకోదు. ఆ గొట్టాల్ని నాకు ముఖపరిచయం కూడా లేని ల్యాబుకి పంపి, అలాంటి పరీక్ష చేయించండి. నా మాట మీద నమ్మకండి. నా మాట మీద నమ్మడం వల్లే ఒక మనిషి జైల్లో ఉన్నాడు. ఆ చేపలు ఏ రోగంతో పోయాయో నేను చెప్పలేను, వాటి ఒంట్లో రక్షణ ఎంత ఉందో నాకు ఎప్పుడూ తెలియలేదు. బలంగా ఉన్నాయన్న నా రిపోర్టుని ఈ రోజుతో వెనక్కి తీసుకుంటున్నాను. దాని ఆధారంగా ఎవారిస్తో లెపీయోని ఒక్క రోజు కూడా ఉంచడానికి వీల్లేదు.

మారిసెల్ గురించి ఇంకేమైనా చెప్పదలిచానా అని అడిగారు. లేదు.

ఇదంతా గుమస్తా గారు నాకు చదివి వినిపించారు. “సీరమ్‌లో పొరపాటున తెల్లసొన కలిసినట్టు” అని ఒకచోట రాశారు. నా మొహం చూసి, జాలిపడి రాసి ఉంటారు. “పొరపాటున” కొట్టించి “తెలిసి” అని, “కలిసినట్టు” కొట్టించి “కలిపినట్టు” అని రాయించాను. మిగిలినదంతా నేను చెప్పిందే. ఎవరి బలవంతమూ లేదు, అంతా నిజం. చదువుకున్నవారు, కింద సంతకం చాలన్నారు. నా సంతకం ఇక చాలదని చెప్పి, వేలిముద్ర కూడా వేశాను.

కాస్త్రో, ఏప్రిల్ నెల, సోమవారం.

(సంతకం) ఒతీలియా మాన్సీయా కార్కమో

(కుడి బొటనవేలి ముద్ర)